ఓపెన్‌లేన్ నేర్చుకోవడం ఇక దండగేనా?

ప్రశ్న: నేను ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొద్దిగానే ఉన్నాయి, ల్యాబ్ దాటి వాడుకోవడం కుదరదు. అందుకే ఇంట్లో ఓపెన్‌లేన్ అనే ఉచిత చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. దాన్ని తెచ్చిన ఈఫ్యాబ్లెస్ కంపెనీ 2025 మార్చిలో మూతపడిందని తెలిసి టెన్షన్‌గా ఉంది. మానేయమంటారా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మానొద్దమ్మా. కంపెనీ పోయింది గానీ కోడ్ ఎక్కడికీ పోలేదు. ఓపెన్ లైసెన్సు ఉంది కాబట్టి ఎవరైనా దాన్ని కొనసాగించవచ్చు. అయితే అందరి పని ఎవరి పనీ కాకుండా పోయే ప్రమాదం ఉంటుంది కదా. ఆ బాధ్యతను ఫాస్సీ ఫౌండేషన్ తీసుకుంది. బ్రిటన్‌లో 2015లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ అది. ఓపెన్‌లేన్ 2 కోడే ఇప్పుడు లిబ్రెలేన్ పేరుతో దాని ఆధ్వర్యంలో ముందుకు సాగుతోంది. నువ్వు వెరిలాగ్ భాషలో రాసిన డిజైన్‌ను యోసిస్ అనే టూల్ లాజిక్ గేట్లుగా మార్చడం, ఓపెన్‌రోడ్ అనే టూల్ వాటిని అమర్చి తీగలు కలపడం, చివరికి చిప్ తయారీకి పంపే జీడీఎస్ ఫైలు రావడం, అన్నీ నీకు తెలిసిన వరసే.

నేను హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్‌లో చేరిన కొత్తలో, ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) ఇచ్చే పీడీకే, అంటే దాని డిజైన్ నియమాలు, వివరాల ఫైళ్లు తెరిచి చూడాలంటే ముందు గోప్యత ఒప్పందం ఉండాలి. విద్యార్థికి అది అందని మాట. 2020లో గూగుల్, అమెరికాలోని స్కైవాటర్ ఫౌండ్రీ కలిసి 130 నానోమీటర్ల పీడీకేను అందరికీ తెరిచాయి. మొదటి లోహపు పొరలో రెండు తీగల మధ్య కనీసం 0.14 మైక్రాన్ల ఎడం ఉండాలన్న నియమాన్ని ఇవాళ నువ్వు కాకినాడలో కూర్చుని చదవగలవు, ఆ నియమం తప్పితే ఎర్రర్ ఎక్కడొచ్చిందో మ్యాజిక్ అనే లేఅవుట్ టూల్‌లో జూమ్ చేసి చూడగలవు. మా తరానికి దొరకని చదువు ఇది. పాత టెక్నాలజీ అని ఎవరైనా చిన్నచూపు చూస్తే పట్టించుకోకు. టైమింగ్ స్లాక్ (సిగ్నల్ గడువులోగా చేరాక మిగిలే సమయం) మైనస్‌లోకి పోతే ఎందుకు పోయిందో వెతికే పద్ధతి ఏ నోడ్‌లోనైనా, అంటే ఏ తరం తయారీ టెక్నాలజీలోనైనా ఒకటే.

ఒక విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకు: ఫౌండేషన్ నీ చిప్ తయారీకి డబ్బు ఇవ్వదు. విరాళాలు, స్పాన్సర్ల మీద నడిచే సంస్థ అది. టూళ్లను కాపాడడం, యూరప్‌లో ఓఆర్‌కాన్ఫ్ సదస్సు జరిపి వాటిని రాసేవాళ్లను ఒకచోట చేర్చడం దాని పని. చిప్ చేతికి రావాలంటే టైనీ టేపౌట్ లాంటి దారి చూసుకోవాలి. అక్కడ ఒకే చిప్‌ను చాలామంది పంచుకుంటారు, ఒక్కో గడి సుమారు 160 × 100 మైక్రాన్లు. దానికి ఖర్చవుతుంది, కాబట్టి స్నేహితులతో కలిసి ఒక గడి తీసుకోండి.

నీకు డబ్బు వచ్చే దారి వేరే ఉంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమంలో ఈ ఫౌండేషన్ ఏళ్ల తరబడి విద్యార్థులకు మెంటార్లను ఇస్తోంది, ఎంపికైతే స్టైపెండ్ వస్తుంది. ఆ ఏడాది పాల్గొనే సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది. అందాకా ఖాళీగా ఉండకు. రిస్క్-ఫైవ్ అనే ఓపెన్ ప్రమాణంతో చేసిన సెర్వ్ అనే బుల్లి ప్రాసెసర్ కోడ్ చదువు. అది ఒక క్లాక్‌కు ఒకే బిట్ కూడుతుంది, 32 బిట్ల కూడికకు 32 క్లాకులు. కోడ్ చిన్నది, సెలవుల్లో మొత్తం అర్థం చేసుకోవచ్చు. దాన్ని లిబ్రెలేన్‌లో నడుపు. ఎక్కడైనా డాక్యుమెంటేషన్ తప్పుగా ఉంటే సరిదిద్ది పంపు. మెంటార్‌కు ప్రపోజల్ రాసే నాటికి నీ పేరు వాళ్లకు తెలిసి ఉంటుంది.