బట్టీ పెట్టాలనుకున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుణుపురంలో నీవు అద్దెకుంటున్న ఇంట్లో కార్న్‌ఫ్లేక్స్, ఓట్స్, పంచదార, రొట్టెల ఈస్టు వంటి సరుకులతోనే స్పిరిట్ తీయవచ్చునా, తీస్తే ఎంత వస్తుంది, అందులో ప్రమాదం ఏమిటి అని అడుగుతూ రాసిన ఉత్తరం అందింది. చెరకు మడ్డి నుంచి స్పిరిట్ తీసే కర్మాగారపు ప్రయోగశాలలో ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ని కాబట్టి, నీ ప్రశ్నకు ‘వద్దు’ అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ పనిలో మూడు దశలున్నాయి. పిండిపదార్థాన్ని తీపిగా మార్చడం మొదటిది, ఆ తీపిని పులియబెట్టి మత్తు పుట్టించడం రెండవది, పులిసినదాన్ని మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం మూడవది. మొదటిదాన్నీ మూడవదాన్నీ నీ వంటింట్లో చేసుకోవచ్చు, ఎలాగో కింద రాస్తున్నాను. నడుమనున్న రెండవదాన్ని మాత్రం పూర్తిగా విడిచిపెట్టు. అది లేకపోయినా నీవు నేర్చుకోవాలనుకుంటున్న విద్యలో పెద్దగా తరిగిపోయేది లేదు.

ముందుగా కార్న్‌ఫ్లేక్స్ సంగతి. ఇవి ఉడికించి, అదిమి, వేయించిన మొక్కజొన్న రేకులు. ఉడికినందువల్ల వాటిలోని పిండిపదార్థం విచ్చుకొనే ఉంటుంది, ఇది మన పనికి మంచిదే. అయితే పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములు ఆ వేడికి ఏనాడో చచ్చిపోయి ఉంటాయి. డబ్బా మీద మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) అని రాసి ఉన్నా అది రుచికోసం కలిపినదే తప్ప, ఎంజైములున్న మాల్ట్ కాదు. అందుచేత రేకులను నీళ్లలో నానబోసి ఈస్టు చల్లితే, తయారీలో కలిపిన కాస్త చక్కెర మాత్రమే పులుస్తుంది, మిగిలినదంతా గంజిగానే మిగులుతుంది. ఈస్టుకు పిండిని నేరుగా తినడం చేతకాదు. ఇక లెక్క చూద్దాం. అరకిలో కార్న్‌ఫ్లేక్స్‌లో పిండిపదార్థాలు సుమారు 420 గ్రాములు. అదంతా చక్కెరగా మారి, ఆ చక్కెరంతా పులిసినా కాగితం మీద వచ్చే ఆల్కహాలు 235 గ్రాములకు మించదు, ఎందుకంటే చక్కెర బరువులో దాదాపు సగం కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలిసిపోతుంది. ఇంటి పనితనంలో అందులో సగం చేతికందితే గొప్ప. డబ్బా ధర, గ్యాసు, పంచదార కలిపి చూసుకుంటే ఇది ఏ విధంగానూ గిట్టుబాటయ్యే పని కాదు. ఈ రేకుల తయారీ 1890లలో అమెరికాలోని బాటిల్ క్రీక్ ఆరోగ్యాలయంలో మొదలయింది. దాన్ని నడిపిన డాక్టర్ కెలాగ్ మద్యానికి బద్ధ విరోధి. ఆయన ఫలహారంతో సారా కాచాలని నీకు తోచినందుకు నేనూ మీ అత్తా కాసేపు నవ్వుకున్నాం.

తీపి చేసే దశను కళ్లారా చూడాలని ఉంటే చోళ్లతో, అంటే రాగులతో చూడు. చోళ్లను ఒక పూట నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి రెండు రోజులు మొలకెత్తనిచ్చి, నీడలోనో లేత ఎండలోనో ఆరబెట్టి, మొలకలను నలిపి చెరిగేసి పిండి పట్టించు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మన ఇళ్లలో రాగిమాల్ట్ చేసేటప్పుడు కమ్మదనం కోసం మొలకలను దోరగా వేయిస్తారు. వేయిస్తే ఎంజైములు నశిస్తాయి, కాబట్టి అంగడిలో దొరికే రాగిమాల్ట్ ఈ పనికి రాదు. నూరు గ్రాముల మొక్కజొన్న రవ్వను బాగా ఉడికించి పలచని జావలా చేసి, 65 డిగ్రీల దగ్గరకు చల్లారాక పాతిక, ముప్పై గ్రాముల మొలక చోడిపిండిని కొద్దిపాటి చన్నీళ్లలో కలిపి అందులో పోసి, అన్నం వేడిగా ఉంచే హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత బిగించు. వేడి 70 డిగ్రీలు దాటితే ఎంజైములు త్వరగా చెడతాయి, 55కు దిగితే పని మందగిస్తుంది, అందుచేత థర్మామీటరు తప్పనిసరి. మొదట గరిటెకు అంటుకొనే జావ కొద్దిసేపటికే నీళ్లలా జారిపోతుంది, గంట, గంటన్నర గడిచేసరికి నాలుకకు తియ్యగా తగులుతుంది. మధ్యమధ్యలో ఒక చుక్కను తెల్ల పింగాణీ పళ్లెంలో వేసి టింక్చర్ అయోడిన్ తగిలిస్తే, పిండి ఉన్నంతకాలం నీలినల్లగా మారుతుంది, పిండి అంతా విరిగాక ఆ రంగు రాదు. అయోడిన్ తగిలిన చుక్కను పారబోయాలి, తిరిగి గిన్నెలో కలపకూడదు. ఇదే ప్రయోగాన్ని కార్న్‌ఫ్లేక్స్‌తో చేసినా పని జరుగుతుంది గాని, వాటిలోని ఉప్పువల్ల చివరికి ఉప్పుప్పని పాకం వస్తుంది. రవ్వతో చేసినదాన్ని గుడ్డలో వడగట్టి సన్నని సెగ మీద దగ్గరగా కాచితే పిల్లలు దోసెల్లో నంచుకొనే పాకం అవుతుంది. మొదటి దశ అక్కడితో ముగుస్తుంది.

ఇక రెండవదాన్ని ఎందుకు వదలమంటున్నానో చెప్పాలి. న్యూజీలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో స్పిరిట్ తీసుకోవడం నేరం కాదు, నీవు చూసిన వీడియోలు అటువంటి చోట తీసినవి కావచ్చు. మన దేశంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఒడిశాలో 2008 నాటి ఎక్సైజ్ చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా సారా తీయడమే కాదు, తీసే ఉద్దేశంతో సామగ్రిని దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. మన పక్కనే ఉన్న పాతపట్నంలో అడుగుపెడితే ఆంధ్ర చట్టం, అక్కడా ఇదే వరస, బెల్లపు ఊట దొరికిన చోటనే పారబోసి కేసు పెడతారు. మా కర్మాగారంలో ఎక్సైజ్ అధికారి తాళం తీయనిదే గిడ్డంగి తలుపు తెరుచుకొనేది కాదు, చుక్క చుక్కకూ లెక్క ఉండేది. అంత కట్టుదిట్టం మధ్య పనిచేసినవాణ్ని, చట్టం సంగతి నీకు చూసీచూడనట్టు రాయలేను. కొండల మీద జీలుగు కల్లు, కొరాపుట్ వైపు లండా అనే ధాన్యపు కల్లు ఇళ్లలోనే చేసుకుంటున్నారు కదా అని నీవు అనవచ్చు. అవి పులిసినవే గాని బట్టీకెక్కినవి కావు, తరతరాలుగా చేస్తున్న చేతులవి, వాటిని చూపి నీ గదిలో బట్టీ పెట్టడం కుదరదు.

ప్రమాదం గురించి జనంలో ఉన్న ఊహ ఒకటి సరిదిద్దాలి. మిథనాల్ 64.7 డిగ్రీలకు, మనకు కావలసిన ఇథనాల్ 78.3 డిగ్రీలకు మరుగుతాయి కాబట్టి, ముందుగా వచ్చే నాలుగు చుక్కలు పారబోస్తే విషం పోయినట్టేనని చాలామంది నమ్ముతారు. నీళ్లూ రెండు ఆల్కహాళ్లూ కలిసిన ద్రవం మరిగేటప్పుడు అవి వరుసలో నిలబడి ఒక్కొక్కటిగా బయటికి రావు, మిథనాల్ మొదటినుంచి చివరిదాకా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. ముందు వచ్చే భాగంలో ఘాటెక్కించేవి ఎక్కువగా ఎసిటాల్డిహైడ్, ఇథైల్ ఎసిటేట్ వంటివి, చివర వచ్చే భాగంలో కంపు కొట్టేవి ఫ్యూజెల్ నూనెలనే బరువైన ఆల్కహాళ్లు. ధాన్యంలో మిథనాల్ పుట్టేది చాలా తక్కువన్నది నిజమే, అది ప్రధానంగా పండ్లలోని పెక్టిన్ అనే జిగురు నుంచి వస్తుంది. 1992 మే నెలలో కటకంలో రెండు వందలమందికి పైగా చనిపోయిన ఘోరం గురించి నీవు వినే ఉంటావు. అటువంటి చావులకు మూలం ధాన్యమో బెల్లమో కాదు, పరిశ్రమలకు వాడే మిథనాల్‌ను సారాలో కలపడం. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తరువాత ప్రాణాన్ని తీస్తుంది, వాసనకూ రుచికీ దొరకదు, మంట రంగు చూసి కనిపెట్టవచ్చన్న మాటను నమ్మడానికి లేదు. కాబట్టి ‘నేను ధాన్యంతోనే తీశాను’ అన్న ధీమాతో నీవు ఉన్నా, అదే ధీమాతో రేపు ఎవరో ఇచ్చిన సీసా నీవు తాగుతావేమోనన్నది నా భయం.

విషం కంటే దగ్గరగా ఉండే ప్రమాదం నిప్పు. గది వేడికే మండగల ఆవిరిని గ్యాసు పొయ్యి పక్కన పుట్టిస్తూ, గొట్టం అతుకు దగ్గర ఒక్క సందు ఉన్నా చాలు, వంటగది అంటుకుంటుంది. కర్మాగారాల్లో స్పిరిట్ ఉన్న చోట అగ్గిపుల్లకు ప్రవేశం లేకపోవడానికి కారణం అదే. సీసం కలిసిన టంకంతో అతికిన పాత్రలు, వేడికి మెత్తబడే ప్లాస్టిక్ గొట్టాలు వాడితే అవి వేరే విషాలు. ఇక పులియబెట్టి సారా తీయడం గురించి ఇంతకంటే రాయను.

మూడవ దశ అన్నిటికంటే అందమైనది. అందులో మండే ద్రవం లేకుండా పని నేర్చుకొనే దారి మన పొరుగున గంజాం జిల్లాలోనే ఉంది. ఛత్రపురం, బరంపురం చుట్టుపక్కల మొగలిపువ్వులను రాగి డేగిశాల్లో నీళ్లతో కలిపి మరిగించి, మూతను మట్టితో మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీళ్లలో ముంచిన మరో పాత్రలోకి పంపి అత్తరూ పన్నీరూ తీస్తారు. మగపువ్వులనే వాడతారు, తెల్లవారుజామున కోసి అదే రోజు బట్టీకెక్కిస్తారు. గంజాం కేవడా రూహ్ అనే ఈ మొగలి నూనెకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వర్షాకాలంలో వీలు చేసుకొని ఒకసారి వెళ్లి, పక్కన కూర్చొని చూడు. సెగ ఎంత ఉంచుతున్నారో, నీళ్లు ఎప్పుడు మారుస్తున్నారో చూస్తే పుస్తకం చదవనక్కరలేదు.

ఇంట్లో మొదట వాముతో చెయ్యి. వంద గ్రాముల వామును కచ్చాపచ్చాగా దంచి, లీటరున్నర నీళ్లలో రాత్రంతా నానబెట్టు. ఐదారు లీటర్ల స్టీలు గిన్నెలో ఆ నీళ్లను వాముతో సహా పోసి, మధ్యలో ఒక ఎత్తైన స్టాండు నిలబెట్టి, దాని మీద నీటిమట్టానికి పైగా ఉండేలా ఒక గాజు గిన్నెను పెట్టు. నడిమి పిడి కిందికి ఉండేలా మూతను తలకిందులుగా బోర్లించు, పిడి కొన గాజు గిన్నె మీదికి రావాలి. మూత గుంటలో మంచుగడ్డలు వెయ్యి. సన్నని సెగ మీద నీళ్లు మరుగుతుంటే ఆవిరి చల్లని మూతకు తగిలి నీరై, పిడి కొనకు జారి, గిన్నెలో చుక్కచుక్కగా పడుతుంది. మంచు కరిగిన నీళ్లను గరిటెతో తోడేస్తూ కొత్త మంచు వేస్తూ ఉండాలి. ఈ పనిలో సగం శ్రమ అదే, అక్కడే నీ ఓపిక తేలిపోతుంది. సెగ పెంచితే ఆవిరి మూత అంచుల నుంచి తప్పించుకుపోతుంది గాని త్వరగా పని కాదు. మూత అంచును పిండిముద్దతో మూయవద్దు, లోపల ఒత్తిడి పెరగకూడదు. కుక్కరుకు గొట్టం తగిలించి చేయవచ్చని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను, వాము పొట్టు ఆవిరి రంధ్రానికి అడ్డుపడితే కుక్కరు పేలుతుంది. నాలుగు వందల మిల్లీలీటర్లు చేరాక ఆపెయ్యి. అడుగున నీళ్లు ఇంకా బాగా మిగిలి ఉండాలి, అడుగంటిందా, మాడు వాసన మొత్తం నీటికి పట్టుకుంటుంది.

ఇందులో నిన్ను ఆశ్చర్యపరచవలసిన విషయం ఒకటి ఉంది. వాము ఘాటుకు కారణమైన థైమాల్ 232 డిగ్రీల దగ్గర గాని మరగదు, అయినా వంద డిగ్రీలకు లోపే నీటి ఆవిరితో కలిసి పైకి వస్తుంది. ఒకదానిలో ఒకటి కరగని రెండు ద్రవాలు కలిసి మరిగేటప్పుడు, వాటి ఆవిరి ఒత్తిళ్లు రెండూ కూడి గాలి ఒత్తిడికి సమానమైతే చాలు, రెండూ కలిసి బయలుదేరతాయి. మొగలి అత్తరు బట్టీ నడిచేదీ ఇదే సూత్రం మీద. వాములో నూనె రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది కాబట్టి, నీరు చల్లారాక పైన సన్నని నూనె తెట్టు తేలుతుంది. ఆ నూనెను వేరుగా తీసి బాగా చల్లబరిస్తే అందులోంచి తెల్లని పలుకులు కట్టవచ్చు, వాము పువ్వు అని మందుల అంగళ్లలో అమ్మేది అదే. ముందు వచ్చిన నీటిలో ఘాటు ఎక్కువ, పోనుపోను పలచబడుతుంది. మూడు చిన్న సీసాలలో వేరువేరుగా పట్టి వాసన చూసి పోల్చుకో. స్పిరిట్ తీసేవాడు ముక్కుతో ఎక్కడ మార్చాలో కనిపెట్టే నేర్పు ఇక్కడే అలవడుతుంది, తాగి చావవలసిన అవసరం లేకుండా.

ఆ నీటిని మరుగునీళ్లలో కాచి తీసిన గాజు సీసాలో పోసి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో ఉంచి, కొద్ది వారాలలో వాడేయాలి. నూనె తెట్టును తీసేసిన తరువాతే తాగడానికి వాడాలి. పెద్దలు అజీర్తికి ఒకటి రెండు చెంచాలు గ్లాసెడు నీళ్లలో కలిపి పుచ్చుకోవచ్చు. పసిపిల్లలకు పోయవద్దు, గర్భిణులు వైద్యుణ్ని అడగనిదే పుచ్చుకోరాదు.

వాము తరువాత సోంపు చెయ్యి, దాని నూనె బాగా చల్లబడితే దానంతట అదే గడ్డకట్టవచ్చు. లవంగాలకు మాత్రం తొందరపడకు, వాటి నూనె నీటికంటే బరువు, తేలదు, అడుగుకు దిగుతుంది. పైన ఏమీ కనబడలేదని పారబోయక, సన్నని గాజు గొట్టంలో పోసి నిలబెట్టి చూడు. గిన్నెను వేరుగా ఉంచుకో, వాము వాసన ఎంత తోమినా పోదు, పప్పు వండితే మీ అమ్మ నన్నే తిడుతుంది.

ఇట్లు,
మామయ్య