నాటకాన్ని కాలేజీలో చేర్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన సినాప్సిస్సూ చదివాను. షేక్‌స్పియర్ ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ (గయ్యాళిని లొంగదీయడం) నాటకాన్ని విజయవాడలోని ఒక ఇంటర్మీడియెట్ కాలేజీకి తెచ్చి, పదిహేడేళ్ళ పిల్లల ప్రేమకథగా, నవ్వించే కథగా రాయాలన్న నీ ఆలోచన బాగుంది. నీకు ప్రేరణ ఏ సినిమానో నువ్వు దాచలేదు కనుక నేనూ ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను. ఈ నాటకాన్నే అమెరికా హైస్కూలుకు తెచ్చిన 1999 నాటి ‘టెన్ థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ’ను ఎన్నోసార్లు చూశానని రాశావు. దాన్ని ఎలా కట్టారో మాత్రం నువ్వు ఇంకా విప్పి చూడలేదని నీ సినాప్సిస్ చెబుతోంది.

నువ్వు అన్నిటికంటే శ్రద్ధ పెట్టింది పేర్ల మీద. నాటకంలోని అక్క కేథరినాకు కాత్యాయని, చెల్లి బియాంకాకు బిందు, కాలేజీకి ఏకంగా నాటకం జరిగే ఊరి పేరు, పాడువా. ఆ సినిమాలోనూ స్కూలు పేరు పాడువా, అక్కచెల్లెళ్ళ ఇంటిపేరు షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్, కుర్రవాడి ఇంటిపేరు నాటకంలోని నాయకుడి ఊరైన వెరోనా. షేక్‌స్పియర్‌దే ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకాన్ని ఫుట్‌బాల్ మైదానానికి తెచ్చిన ‘షీజ్ ద మ్యాన్’లో (2006) అందులోని మాల్వోలియో పాత్ర పేరును ఒక పెంపుడు సాలీడుకు తగిలించారు. నాటకం తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు, తెలియనివాళ్ళకు పోయేదేమీ లేదు. ఇలాంటివి చివరి ప్రతిలో ఒక్క పూటలో చేసుకోదగ్గ పనులు. విజయవాడలో పాడువా కాలేజీ ఎలా వచ్చిందో చెప్పడానికి నువ్వు ఒక సీను ఖర్చుపెట్టావు, దాన్ని ముందు కొట్టెయ్యి.

కథ నడిచేది తండ్రి పెట్టిన షరతు మీద. నాటకంలో బాప్టిస్టా తన పెద్దకూతురికి పెళ్ళయ్యేదాకా చిన్నకూతురికి చేసేది లేదని మొదటి అంకంలోనే తేల్చి చెబుతాడు. దాంతో చిన్నపిల్ల వెంటపడుతున్నవాళ్ళకు పెద్దపిల్లకు మొగుణ్ణి వెతికిపెట్టడం సొంత అవసరమైపోతుంది. డబ్బున్న సంబంధం కోసం ఊరికి వచ్చిన పెట్రూకియో ఆ పనికి దొరుకుతాడు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంట్లో అలాంటి షరతుకు కారణం చెప్పనక్కర్లేదు, మన ఇళ్ళలో నిన్నమొన్నటిదాకా చెప్పనక్కర్లేకపోయింది. 1999 నాటి సియాటిల్‌లో తండ్రి ఆ మాట అంటే మాత్రం ఒక్కరూ నమ్మరు. ఆ సినిమా రచయిత్రులు కారెన్ మెక్కలా, కిర్‌స్టెన్ స్మిత్ పెళ్ళి స్థానంలో డేటింగ్‌ను పెట్టారు. అంతవరకు ఎవరికైనా తట్టేదే. వాళ్ళ తెలివంతా తండ్రిని ప్రసూతి వైద్యుణ్ణి చేయడంలో ఉంది. ఆసుపత్రిలో పదిహేనేళ్ళ పిల్లకు కవలల కాన్పు చేసి ఇంటికి వచ్చే మనిషి కూతుళ్ళ విషయంలో ఎంత భయపడినా మనం ఆశ్చర్యపోము. చదువయ్యేదాకా ఇద్దరికీ షికార్లు లేవన్న పాత నియమాన్ని పక్కనపెట్టి, అక్క వెళితే చెల్లి కూడా వెళ్ళవచ్చని ఆయనే కొత్త నియమం చేస్తాడు. అక్క ఎన్నటికీ వెళ్ళదని ఆయన ధీమా. చెల్లి పార్టీకి బయలుదేరుతుంటే ఒక నకిలీ గర్భాన్ని తెచ్చి, దాన్ని తగిలించుకుని ఇంట్లో కాసేపు తిరగమంటాడు. ఆ సీను నిమిషం కూడా ఉండదు. హాలంతా నవ్వుతుంది, ఆ నవ్వులోనే తండ్రి భయం ఎంత నిజమో అర్థమవుతుంది, అక్కడినుంచి ఆ షరతు మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు నీ కథలోని తండ్రిని చూడు. ఎంట్రన్స్ పరీక్షలు అయ్యేదాకా ఇద్దరికీ ఫోన్లు లేవంటాడు. నమ్మదగ్గ మాటే, మన ఇళ్ళలో రోజూ వినపడే మాటే. కానీ ఆ ఆంక్ష అక్కకూ చెల్లికీ విడివిడిగా వర్తిస్తుంది తప్ప చెల్లి స్వేచ్ఛ అక్క చేతిలో ఎక్కడా చిక్కుకోలేదు. అలాంటప్పుడు బిందును ఇష్టపడిన కుర్రాడు కాత్యాయని జోలికి ఎందుకు వెళతాడు? సినాప్సిస్‌లో వెళ్ళాడని రాశావు గాని, ఎందుకు వెళ్ళాడో రాయలేదు. ఉదాహరణకు ఇంట్లో ఒకే స్కూటీ ఉందనుకో, నడపడం అక్కకే వచ్చనుకో, ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి వచ్చేటట్టయితేనే తాళం ఇస్తానని తండ్రి అన్నాడనుకో. అక్కేమో కాలేజీకి తప్ప గడప దాటదు. ఇప్పుడు చెల్లి బయటికి రావాలంటే ఎవరో ఒకరు అక్కను కదిలించాలి. స్కూటీయే పెట్టమని నేననడం లేదు, దానికంటే మంచిది నీకు తడుతుంది. ఏది పెట్టినా ఇద్దరినీ ముడివేసేదిగా ఉండాలి, దాని వెనుక ఆ తండ్రికి మాత్రమే ఉండదగ్గ భయం ఒకటి ఉండాలి.

నాటకంలో కొన్ని భాగాలకు కాలం అసలు అడ్డురాదు. బియాంకాను ప్రేమించిన లుసెన్షియో లాటిన్ పంతులు వేషంలో బియాంకా ఇంట్లోకి వస్తాడు. సినిమాలో కామెరాన్ అనే కుర్రాడు బియాంకాకు ఫ్రెంచి ట్యూషన్ చెబుతానని ఒప్పుకుంటాడు, అప్పటికి అతనికి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ట్యూషన్ పేరుతో అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టడం మనకూ పాత విద్యే. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే వంకతో విజయనగరం నుంచి కృష్ణారాయపురం అగ్రహారానికి చేరి, బుచ్చమ్మకు దగ్గరవుతాడు. లాటిన్ అయినా, ఫ్రెంచి అయినా, గిరీశం ఇంగ్లీషు అయినా, ఆ ఇంట్లో పెద్దలకు రాని చదువు కావడమే పంతులుకు రక్షణ. ఇన్ని కోచింగ్ సెంటర్లున్న ఊళ్ళో కథ పెట్టుకుని, ఈ ట్రాక్‌ను నువ్వు పూర్తిగా వదిలేశావు. ఎందుకు వదిలేశావో నాకు అంతుపట్టలేదు.

అసలు పేచీ నీ ఇంటర్వెల్ దగ్గర. అక్కడ కథానాయకుడు అందరి ముందూ కాత్యాయని పొగరు దించుతాడు, రెండో సగంలో ఆమె మెత్తబడుతుంది. నాటకంలో అంతకంటే ఘోరమే ఉందని నువ్వనవచ్చు. ఉంది. పెట్రూకియో పెళ్ళాన్ని తిండి తిననివ్వడు, నిద్రపోనివ్వడు, పట్టపగలు సూర్యుణ్ణి చూపించి చంద్రుడనమంటాడు, ఆమె చంద్రుడే అన్నాక మళ్ళీ సూర్యుడంటాడు. దీన్నంతా ఒక తాగుబోతు ముందు ఆడుతున్న నాటకంగా షేక్‌స్పియర్ చూపించాడన్నది నిజమే. ఆ ఎత్తుగడ ఎంత ఉపశమనమిస్తుందో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. సియాటిల్ కథ రాసినవాళ్ళు ఈ లొంగదీసే భాగాన్ని మొత్తం తీసేశారు, తండ్రి షరతునూ డబ్బు పుచ్చుకుని ప్రేమించబోయే కుర్రాణ్ణీ ఉంచుకున్నారు. మన సినిమాలో జరిగింది దీనికి తలకిందులు. ‘గుండమ్మ కథ’లో (1962) అక్కినేని పాత్ర పేదవాడిగా నటించి, గారాబంగా పెరిగిన జమున పాత్ర చేత కాయకష్టం చేయించే భాగం దగ్గర చాలామందికి ఈ నాటకమే గుర్తుకొస్తుంది. అది చక్రపాణి హాస్యం, పెద్ద నటులు, చల్లని వినోదం. దాన్ని నేను ఇప్పటికీ ఇష్టంగానే చూస్తాను. ఆ తరువాత దశాబ్దాలపాటు వచ్చిన పొగరుబోతు పెళ్ళాల కథల్లో, డబ్బున్న అత్తల కథల్లో ఆ చల్లదనం పోయి చెంపదెబ్బ మిగిలింది. నీ ఇంటర్వెల్ షేక్‌స్పియర్ దగ్గరనుంచి వచ్చిందని నువ్వనుకుంటున్నావు. నాకు మాత్రం అది టీవీలో మధ్యాహ్నం వేసే పాత సినిమాల దగ్గరనుంచి వచ్చినట్టు కనిపిస్తోంది.

లొంగదీయడం తీసేస్తే ఆ పిల్ల కోపానికి ఏం చేయాలన్నది తరువాతి చిక్కు. నాటకంలో కేథరినా కోపం ఆమె స్వభావంగా మొదలవుతుంది. చెల్లెల్ని నెత్తిన పెట్టుకున్న తండ్రి పక్షపాతం కొంత కనిపిస్తుంది గాని అంతకుమించి వివరణ లేదు. సినిమాలో అక్క క్యాట్ కోపం వెనుక ఆమె తీసుకున్న నిర్ణయం ఉంది. తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయిన రోజుల్లో, అందరూ చేస్తున్నారని తానూ ఒక కుర్రాడితో చేసిన పని ఆమెకు నచ్చలేదు. ఇక మీదట ఎవరో చేస్తున్నారని ఏదీ చేయకూడదనుకుంది. ఈ సంగతి ఆమె కథానాయకుడికి చెప్పదు. సినిమా చాలా దూరం వెళ్ళాక, చెల్లెలికి చెబుతుంది, అదీ చెల్లెలు అదే కుర్రాడి వలలో పడబోతున్నదన్న భయంతో. రహస్యాన్ని ఎవరికి చెప్పించాలన్నదానిలో ఆ రచయిత్రుల చేయి కనిపిస్తుంది. కాత్యాయనికి కూడా అలాంటి నిర్ణయం ఒకటి కావాలి. ఎంపీసీ వద్దని తండ్రితో పోట్లాడి ఓడిపోయిందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు, నీ కథలో నిజంగా బతికి ఉన్న వాక్యం అదొక్కటే. దాన్ని పెంచు.

ఇక ముగింపు. కేథరినా చివరి అంకంలో, పెళ్ళి విందులో, అందరి ముందూ భార్య భర్తకు ఎలా విధేయురాలై ఉండాలో నలభై నాలుగు పంక్తులు మాట్లాడుతుంది. నాటకం మొత్తంలో అంత పొడుగు మాట ఇంకెవరికీ లేదు. ఈ రోజుల్లో రంగస్థలం మీద దాన్ని ఎలా పలికించాలో దర్శకులకే తెలియడం లేదు, కొందరు వెటకారంగా పలికిస్తారు, కొందరు విషాదంగా. సినిమాలో ఆ ప్రసంగం జరిగే చోటును అట్టిపెట్టి, మాటలు మార్చేశారు. ఇంగ్లీషు మాస్టారు షేక్‌స్పియర్ నూట నలభై ఒకటో సానెట్ వినిపించి, అలాంటిదే మీరొకటి రాయండని పిల్లలకు పని ఇస్తాడు. కళ్ళు నీలో వేయి తప్పులు పట్టినా మనసు మాట వినడం లేదని చెప్పే పద్యం అది. క్యాట్ తను రాసింది తరగతిలో నిలబడి చదువుతుంది. కథానాయకుడిలో తనకు నచ్చనివన్నీ వరుసగా చెబుతూ, చివరికి ద్వేషించలేకపోతున్నానని ఒప్పుకుని ఏడుస్తూ బయటికి వెళ్ళిపోతుంది. నలుగురి ముందు నిలబడి కథానాయిక మాట్లాడడం నాటకం నుంచి వచ్చింది, ఆ మాట ఆమె సొంతం కావడం సినిమా చేసింది. దాని తరువాత వచ్చే గిటారు సంగతి మాత్రం నాకు ఎప్పుడూ గొంతు దిగదు. ఆమెను తిప్పడానికి ఎవరో ఇచ్చిన డబ్బుతోనే ఆమెకు గిటారు కొనిచ్చి క్షమాపణ అడుగుతాడు, ఆమె నవ్వేస్తుంది. లంచం సొమ్ముతో ప్రాయశ్చిత్తం! నువ్వు అక్కడ ఇంతకంటే మెరుగ్గా రాయగలవు.

ఇదే నాటకం మీద ఎందుకు పట్టుబట్టావని అడగను, కానీ మరో దారి కూడా చూపిస్తాను. అదే 1999లో వచ్చిన ‘షీజ్ ఆల్ దట్’కు మూలం బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ (1913). నా దృష్టిలో అది ఓడిపోయిన అనుసరణ, అందుకే నేర్చుకోవడానికి పనికొస్తుంది. షా నాటకంలో పూలమ్ముకునే ఎలైజాను కిందే ఉంచుతున్నది ఆమె ఉచ్చారణ. మూడో అంకంలో పెద్దింటివాళ్ళ మధ్య కూర్చుని, చక్కటి ఉచ్చారణతో, తన మేనత్త ఇన్‌ఫ్లుయెంజాతో పోలేదనీ ఆమెను ఎవరో చంపేశారనీ కబుర్లు చెబుతుంది. పలుకు మారింది, బతుకు మారలేదు. ఆ ఒక్క సీనులో నవ్వూ ఉంది, వర్గభేదమూ ఉంది. సినిమాలో ఆ ఉచ్చారణ స్థానంలో కళ్ళజోడును పెట్టారు. అది తీసి, జుట్టు కత్తిరించి, ఎర్రగౌను తొడిగేసరికి అమ్మాయి అందగత్తె అయిపోయింది. తీసేస్తే పోయే అడ్డంకి అడ్డంకే కాదు. మనకు యాస ఉంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాదు కాలేజీకి వచ్చిన పిల్ల నోరు తెరవగానే తరగతి ఎందుకు నవ్వుతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు. షా నాటకం నిజంగా ఇల్లు కట్టుకోదగ్గ చోటు అది. ఒకటి గుర్తుపెట్టుకో: ప్రేక్షకులు ఎలైజాకూ ఆమెకు ఉచ్చారణ నేర్పిన హిగ్గిన్స్‌కూ పెళ్ళి చేయాలని తహతహలాడుతుంటే, షా పనిగట్టుకుని ఒక అనుబంధం రాసి, ఆమె తన వెంటపడిన ఫ్రెడ్డీని చేసుకుందని తేల్చాడు. 2020లో ఆలిస్ వూ తీసిన ‘ది హాఫ్ ఆఫ్ ఇట్’ కూడా, ఒకరి ప్రేమలేఖలు మరొకరు రాసిపెట్టే ‘సిరానో’ కథను ఉత్తరాలతోపాటు ఫోను సందేశాల్లోకీ తెచ్చి, చివరికి ఎవరినీ ఎవరికీ జత చేయకుండానే ముగుస్తుంది. టీనేజి ప్రేమకథ జంటతోనే ముగియాలన్న భయం నీకు అక్కర్లేదు.

వ్యవహారం సంగతి ఒకటి. షేక్‌స్పియర్ నాటకం ఎవరి సొత్తూ కాదు. కందుకూరి వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’ చేసుకున్నట్టే నువ్వూ దీన్ని చేసుకోవచ్చు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తరువాత అరవై ఏళ్ళదాకా హక్కులుంటాయి. అనువాదానికి అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది కనుక, నీ చేతిలో ఉన్న తెలుగు అనువాదంలోని మాటలను యథాతథంగా ఎత్తుకోకు. సినిమాకు హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. తరగతిలో ద్వేషాల జాబితా చదివించడం, మైదానం మెట్ల మీద పాట పాడించడం నీ సినాప్సిస్‌లో ఉన్నవి ఉన్నట్టుగా వచ్చాయి. రెండూ తీసెయ్యి. ఇంగ్లీషు రాకపోయినా మూలాన్ని పక్కన పెట్టుకుని, నిఘంటువుతో, రోజుకొక సీను చదువు. సినిమా మాత్రం రాత పూర్తయ్యేదాకా మళ్ళీ చూడకు.

తరువాతి ప్రతి మొత్తం పంపవద్దు. తండ్రి షరతు పెట్టే సీను ఒకటి, కాత్యాయని నలుగురి ముందు నిలబడి మాట్లాడే సీను ఒకటి రాసి పంపు. రెండో సీనులో ఆమె ఎవరి గురించి మాట్లాడుతుందో నువ్వే తేల్చుకో. ఆ కుర్రాడి గురించే కానక్కర్లేదు, ఎంపీసీ గురించైనా కావచ్చు. పరీక్షలున్నాయని రాశావు కనుక అవి అయ్యాకే పంపు, నాకు తొందరేమీ లేదు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి