పైకప్పు మూల బూజు: ముందు చెమ్మ దారి పట్టుకో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. పడగ్గది పైకప్పు మూలన ఉన్న నల్లమచ్చలు బూజే. రంగులవాడు రేపే వస్తానన్నా రానివ్వకు తల్లీ. లోపల చెమ్మ ఉండగా ఎమల్షన్ రంగు పూస్తే, వచ్చే వానలకి లప్పంతో సహా పెచ్చులుగా ఊడుతుంది.

మచ్చ పక్కన అడుగున్నర ప్లాస్టిక్ కాగితం పెట్టి, నాలుగంచులా గాలి దూరకుండా టేపు వెయ్యి. రెండు రోజులాగి చూడు. గోడకి ఆనిన వైపు తడి ఉంటే నీరు స్లాబులోంచి దిగుతోంది. గది వైపు తడి ఉంటే అది గాలిలోని తేమ. వేలితో రాస్తే తెల్లగా పొడి రాలే చోట ఉన్నది ఉప్పు. దానికి బ్లీచింగ్ పనిచెయ్యదు.

మీది పై అంతస్తు, నా అనుమానం పిట్టగోడ మొదలు మీదే. స్లాబూ గోడా కలిసేచోట వెంట్రుకంత పగులు చాలు. దాన్ని గీకి, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలులో వాటర్‌ప్రూఫ్ పొడి కలిపి, మూల పొడవునా గుండ్రంగా గోళా కట్టించు. అది ఆరాక వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా, గోడ మీదికి అడుగు ఎత్తు దాకా. తర్వాత డాబా మీంచి నీళ్లు పోయే గొట్టం మూతి మూసి, ఒకరోజంతా నీళ్లు నిలగట్టి కింద చూడు. మేస్త్రీ తొందరపెట్టినా ఈ పరీక్ష మానొద్దు.

బూజుని పొడిగా గీకకు, గదంతా ఎగురుతుంది. మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని సబ్బునీళ్లతో తుడిచి, ఆ గుడ్డ పారెయ్యి. లీటరు నీళ్లకి 60 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి పట్టించి, 10 నిమిషాలాగి మంచినీళ్ల గుడ్డతో తుడువు. కిటికీలు తెరిచే ఉంచు. బాత్రూం యాసిడ్ దానిలో చుక్క కూడా కలపొద్దు, విషవాయువు పుడుతుంది. పిల్లాడికి ఆయాసం కదా, వాణ్ణి ఆ పూట పక్కింట్లో ఉంచు. తడితే బోలుగా మోగే ప్లాస్టరుని మాత్రం కొట్టించెయ్యాల్సిందే. బ్లీచ్ పైపైన రంగు తీస్తుందంతే.

విశాఖలో వానాకాలం కిటికీలు తెరిస్తే సముద్రపు గాలి ఇంకా తేమ తెస్తుంది. గోడ తుడిచాక కిటికీలు మూసి, ఏసీ డ్రై మోడ్‌లో పెట్టు, ఫ్యాను తిప్పు. తడిబట్టలు ఆ గదిలో ఆరెయ్యకు. అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటనిచ్చి, జనవరిలో ప్లాస్టిక్ పరీక్ష మళ్లీ చేసి, పొడిగా తేలితేనే ప్రైమరు వేయించు.

బీరువాని గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరిపి, వెనక టార్చి వేసి చూడు. అక్కడా నలుపు కనిపిస్తే ఫోటో పంపు.

మీ పెదనాన్న