బస్తా ఎత్తితే నడుము పట్టేస్తోందా? సమాధానం

అన్నా, మిర్యాలగూడ మిల్లులో వడ్ల బస్తాలు ఎత్తితే నడుము పట్టేస్తోందని, బెల్టు కట్టినా తగ్గట్లేదని రాసిన్రు. బెల్టు సంగతి తర్వాత, బస్తా ఒంటికి ఎంత దూరంలో ఉంటోందో చూడండి. నడుము వెనక కండరాలు వెన్నుపూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచే లాగుతాయి. 50 కిలోల బస్తాను వెన్నుపూసకు 50 సెంటీమీటర్ల ఎడంగా, అంటే పది రెట్ల దూరంలో పట్టుకుంటే, దాన్ని ఆపడానికే అవి పది రెట్లు, అంటే 500 కిలోల బరువంత బలం పెట్టాలి! వంగినప్పుడు మీ ఒంటి బరువు దీనికి అదనం. అదే 25 సెంటీమీటర్లకు తెస్తే బస్తా భారం సగమైతది.

అందుకే ముందు బస్తాను కాళ్ల దగ్గరికి గుంజుకోండి, మోకాళ్లు వంచి, పొట్టకు ఆనించి లేవండి. పక్కకు వేసేటప్పుడు నడుము మెలిపెట్టొద్దు, పాదాలే తిప్పాలి. కాల్లోకి తిమ్మిరి దిగుతుంటే మాత్రం పని ఆపి డాక్టరుకు చూపించండి.