నక్షత్రాల సిమ్యులేషన్ మీద ఇష్టం... కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఓపెన్ క్లస్టర్లలో (వదులుగా ఉండే నక్షత్రాల గుంపుల్లో) నక్షత్రాలు ఎలా కదులుతాయో కంప్యూటర్ సిమ్యులేషన్‌తో పరిశోధించాలని ఉంది. ఇంట్లో మాత్రం ‘అవన్నీ వదిలేసి సాఫ్ట్‌వేర్ నేర్చుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఏదీ వదలొద్దు. మీరు కోరుకుంటున్న పనిలో సగం ప్రోగ్రామింగే. అది మీకు సరిపడుతుందో లేదో ముందు చేసి చూడండి.

కృత్తికలనే తీసుకోండి. కంటికి ఆరేడు చుక్కలే కనిపిస్తాయి గానీ, ఆ క్లస్టర్‌లో వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి. ప్రతిదాన్నీ మిగతావన్నీ లాగుతుంటాయి. వెయ్యి నక్షత్రాలంటే 4,99,500 జంటలు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా (టైమ్ స్టెప్‌లుగా) విడగొట్టి, ఒక్కో ముక్కకీ ఆ జంటలన్నిటి ఆకర్షణా లెక్కగట్టాలి. దీన్నే ఎన్-బాడీ సిమ్యులేషన్ అంటారు. 1960లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఫాన్ హోర్నర్ 16 నక్షత్రాల దాకా లెక్కించారు. ఈ రోజు మామూలు ల్యాప్‌టాప్‌తో మీరు వంద నక్షత్రాలతో మొదలుపెట్టవచ్చు.

పైథాన్‌లో ఆ ప్రోగ్రామ్ మీరే రాయండి. రెండు నక్షత్రాలు బాగా దగ్గరికొచ్చినప్పుడు టైమ్ స్టెప్ పెద్దదైతే, అవి వడిసెల రాళ్లలా చెరోవైపు దూసుకుపోతాయి. చూడ్డానికి భలే ఉంటుంది. అప్పుడు క్లస్టర్ మొత్తం శక్తి లెక్క తీయండి. అది మారకూడదు, కానీ మొదటి విలువకూ దానికీ పొంతన ఉండదు. అంటే లెక్క తప్పిందన్నమాట. చిక్కేమిటంటే, నిజం క్లస్టర్ల నుంచి కూడా నక్షత్రాలు జారిపోతూనే ఉంటాయి. జంట నక్షత్రాల దగ్గరికి వెళ్లిన మూడోది ఒక్కోసారి వేగం పుంజుకుని బయటపడుతుంది. అంచుల్లో ఉన్నవాటిని గెలాక్సీ ఆకర్షణ లాగేస్తుంది. హయడీస్ క్లస్టర్ నుంచి అలా జారినవి రెండు తోకల్లా సాగి ఉన్నాయని 2019లో, నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచిన గయా ఉపగ్రహం డేటాలో బయటపడింది. నిజంగా జారిందేదో, లెక్క తప్పి ఎగిరిందేదో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు విద్య. ఒక్క తప్పు కోసం రెండు రాత్రులు కూర్చున్నా మీకు విసుగు రాలేదంటే, ధైర్యంగా ముందుకెళ్లండి.

ఇంట్లోవాళ్ల టెన్షన్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, ఆ తర్వాత రెండుమూడేళ్ల కాంట్రాక్టు మీద పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగాలు. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఈ మాట మీరే దాచకుండా వాళ్లకు చెప్పండి. మధ్యలో దారి మార్చాల్సి వచ్చినా డేటా సైన్స్, వాతావరణ మోడలింగ్, ఇంజినీరింగ్ సిమ్యులేషన్లలో ఈ పనితనమే అక్కరకొస్తుందని కూడా చెప్పండి. అది ఊరడింపు కోసం అంటున్న మాట కాదు.

ఈ ఏడాది క్లాసికల్ మెకానిక్స్, న్యూమరికల్ మెథడ్స్ గట్టిగా చదవండి. పైథాన్ చేయి తిరిగాక సి++ పట్టుకోండి. గయా డేటా అందరికీ ఉచితమే. ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు రాసేటప్పుడు ‘చిన్నప్పటి నుంచీ ఆకాశమంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి. మీ సిమ్యులేషన్‌లో క్లస్టర్ శక్తి ఎలా మారిందో చూపే గ్రాఫ్ జతచేసి, టైమ్ స్టెప్ సగానికి తగ్గిస్తే తప్పు ఎంత తగ్గిందో రెండు వాక్యాల్లో రాయండి.