గ్రీకు పెరుగు మన పెరుగేనా?

ఏటా జూన్ నెలలో నేను అనంతపురం వచ్చి అమ్మ దగ్గర నాలుగు వారాలు ఉండే సమయానికే, ఆగస్టులో అమెరికా చదువులకు బయలుదేరే పిల్లల ఇళ్ళలో సూట్‌కేసులు తెరుచుకుంటాయి. ఇరవై ఒక్క సంవత్సరాలుగా న్యూజెర్సీలో ఉంటున్నదాన్ని కాబట్టి, ఏ పొడి ఎంత పట్టుకెళ్ళాలి, కుక్కరు ఇక్కడే కొనుక్కోవాలా అన్న సందేహాలతో ఎవరో ఒకరు మా గడప తొక్కుతూనే ఉంటారు. ఈసారి మా వీధి చివరి ఇంటావిడ, టెక్సాస్ వెళ్ళబోతున్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, “అక్కా, అక్కడ గ్రీకు పెరుగు తింటే ఒంటికి మంచిదని దీని స్నేహితురాళ్ళు చెప్తున్నారంట. అది మన పెరుగేనా? అన్నంలో కలుపుకోవచ్చునా?” అని అడిగింది. అప్పటికి నాలుగు మాటలు చెప్పి పంపాను గానీ, కర్నూలు నుంచీ కడప నుంచీ వచ్చే పిల్లలు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు కనుక, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అది మన పెరుగే. నీళ్ళు తీసేసిన పెరుగు. పాలను తోడుపెట్టి, పేరుకున్న తర్వాత గుడ్డలో వడగట్టో యంత్రంలో తిప్పో తేటను వేరుచేస్తే మిగిలే గట్టి ముద్దనే గ్రీకు పెరుగంటారు. ఒక కిలో గ్రీకు పెరుగు తయారు కావడానికి సుమారు మూడు నాలుగు లీటర్ల పాలు పడతాయి. శ్రీఖండ్ కోసం మరాఠీ వాళ్ళు పెరుగును మూటగట్టి వేలాడదీయడం చూసిన వారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు. పేరులో గ్రీసు ఉన్నా, పెరుగును ఇలా వడగట్టుకునే అలవాటు తుర్కీ మొదలుకొని ఆ చుట్టుపక్కల దేశాలన్నింటిలోనూ ఉంది. యోగర్ట్ అనే మాట కూడా తుర్కీ భాష నుంచి వచ్చినదే. అమెరికా దుకాణాలలో దీన్ని ఇంటింటి సరుకుగా మార్చిన చోబానీ సంస్థను స్థాపించినవాడు కూడా తుర్కీ నుంచి వలస వచ్చిన హమ్దీ ఉలుకాయా అనే ఆయనే. న్యూయార్క్ రాష్ట్రంలో మూతపడిన ఒక పాల కర్మాగారాన్ని 2005లో కొని, 2007లో ఆయన మొదటి డబ్బాలను అమ్మకానికి పెట్టాడు.

ఇక కొనడం దగ్గరికి వస్తే, నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. అమెరికాలో దిగిన రెండవ వారంలో, మంచు పడుతున్న ఒక సాయంత్రం, ఒక పెద్ద దుకాణంలో తెల్లటి డబ్బా, దాని మీద తెల్లటి పెరుగు బొమ్మ చూసి, పళ్ళ బొమ్మ లేదు కనుక మామూలు పెరుగేనని నమ్మి ఇంటికి తెచ్చాను. మెత్తగా వండిన అన్నంలో ఉప్పు వేసి, ఆ పెరుగు కలిపి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో పోపు పెట్టి, ఇంటిమీద బెంగతో మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా, ఐస్‌క్రీం వాసనతో ఉన్న ఆ పెరుగన్నాన్ని మా ఆయన కూడా మింగలేకపోయారు. డబ్బా మూత మీద చిన్న అక్షరాలలో వెనిలా అని ఉన్న సంగతి, అన్నం చెత్తబుట్టలో వేసిన తర్వాత గానీ చూడలేదు. వెనిలా పెరుగు కూడా తెల్లగానే ఉంటుంది. కాబట్టి మూత మీద ప్లెయిన్ అన్న మాట కంటికి కనిపించేదాకా ఏ డబ్బానూ బండిలో వేయకండి.

డబ్బా ముందు వైపు చెప్పేది అమ్మేవాడి మాట, వెనుక వైపు చెప్పేది చట్టం చెప్పించిన మాట అని గుర్తుపెట్టుకుంటే సగం పని తీరినట్టే. వెనుక ముందుగా చూడవలసింది పదార్థాల జాబితా. అసలైన గ్రీకు పెరుగులో పాలు, కొన్నిసార్లు మీగడ, తోడు కల్చర్లు, అంటే పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు, తప్ప మరేమీ ఉండనక్కరలేదు. అమెరికాలో గ్రీక్ యోగర్ట్ అన్న పేరుకు ప్రభుత్వం విడిగా ప్రమాణం ఏదీ పెట్టలేదు కనుక, వడగట్టే శ్రమ లేకుండా పాల ప్రొటీన్ పొడినో, పిండినో, పళ్ళ నుంచి తీసే పెక్టిన్‌నో, జెలాటిన్‌నో కలిపి గట్టిపరిచిన పెరుగు కూడా అదే పేరుతో, లేదా గ్రీక్ స్టైల్ అనే పేరుతో అదే అరలో కూర్చుంటుంది. పాల ప్రొటీన్ కలిపినంత మాత్రాన హాని లేదు గానీ, జెలాటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారులు ఆ ఒక్క పదాన్ని తప్పక వెదకాలి. లండన్ వైపు వెళ్ళేవారికి ఈ ఇబ్బంది కొంత తక్కువ. గ్రీసులో పుట్టిన ఫాయే, అమెరికా చోబానీ సంస్థల మధ్య నడిచిన వ్యాజ్యంలో 2014 జనవరిలో అక్కడి అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, గ్రీసులో తయారైనదాన్నే గ్రీక్ యోగర్ట్ అని అమ్మాలి. మిగిలినవన్నీ గ్రీక్ స్టైల్ పేరుతోనే అమ్ముడుపోతాయి.

ఆ తర్వాత చూడవలసింది చక్కెర. పాలలో సహజంగా ఉండే చక్కెర వేరు, కర్మాగారంలో కలిపిన చక్కెర వేరు. ఈ రెండవదాన్ని అమెరికాలో యాడెడ్ షుగర్స్ అనే ప్రత్యేకమైన వరుసలో ముద్రించాలి. ప్లెయిన్ పెరుగు 170 గ్రాములలో ఐదారు గ్రాముల చక్కెర కనిపించినా కంగారుపడవద్దు, అది పాలదే. కలిపిన చక్కెర దగ్గర సున్నా ఉంటే చాలు. అడుగున పళ్ళ గుజ్జు ఉన్న చిన్న కప్పులలో కలిపిన చక్కెరే పది గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. నాలుగు గ్రాములంటే సుమారు ఒక టీ చెంచా. అంటే రెండున్నర చెంచాల చక్కెర వేసుకుని తింటూ, ఆరోగ్యం కోసం తింటున్నామని అనుకోవడమే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆడవారికి రోజు మొత్తానికి 25 గ్రాములు, మగవారికి 36 గ్రాములు మించవద్దని చెబుతుంది. తీపి కావాలంటే ప్లెయిన్ పెరుగులో ఒక అరటిపండో, నాలుగు ద్రాక్షపళ్ళో కోసి వేసుకోవచ్చు.

ఇంతకీ దీన్ని ఎందుకు కొనాలి? ప్రొటీన్ కోసం. మామూలు పెరుగు 170 గ్రాములు తింటే ఆరు గ్రాముల ప్రొటీన్ వస్తుంది. కొవ్వు తీసిన గ్రీకు పెరుగు అన్నే గ్రాములు తింటే పదహారు నుంచి పద్దెనిమిది గ్రాములు వస్తాయి, కేలరీలు మాత్రం వందకు మించవు. అరవై కిలోల బరువున్న మనిషికి రోజుకు కావలసిన ప్రొటీన్ సుమారు 48 గ్రాములు కాబట్టి, 170 గ్రాముల ఒక్క కప్పుతో మూడో వంతు తీరిపోతుంది. మన పిల్లలు అక్కడ మొదటి ఆరు నెలలు పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం అన్నంలో ఏదో ఒక పొడి, రాత్రికి నూడుల్స్ తిని, క్లాసులో నీరసంగా ఉందని ఇంటికి ఫోన్ చేస్తుంటారు. పప్పు వండుకునే ఓపిక లేని రోజున, మూత తీసి చెంచాతో తినగలిగే ఇంత ప్రొటీన్ వంట రాని పిల్లకు నిజంగానే ఒక ఆసరా. గుడ్డు కూడా ముట్టనివారికి మరొక లాభముంది. శాకాహారులకు తరచుగా లోపించే విటమిన్ బీ12, రోజుకు కావలసినదానిలో దాదాపు సగం ఈ ఒక్క కప్పులో ఉంటుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి కూడా ఇది చాలావరకు పడుతుంది, ఎందుకంటే వడగట్టినప్పుడు పాల చక్కెర కొంత తేటతోపాటు పోతుంది, మిగిలినదానిలో కొంత తోడు సూక్ష్మజీవులు తినేస్తాయి.

అయితే ఇది అన్నింటిలోనూ మన పెరుగును మించిందని మాత్రం నేను చెప్పను. తేటతోపాటు కొంత కాల్షియం కూడా పోతుంది. ఎముకల కోసమైతే మామూలు పెరుగే ఏ మాత్రమూ తీసిపోదు. అక్కడ అమ్మే పాలలో విటమిన్ డీ కలుపుతారు గానీ, గ్రీకు పెరుగు చాలా రకాలలో కలపరు. ఎండే కనిపించని చలికాలంలో పాలు పూర్తిగా మానేసి దీనికి మారిపోవడం తెలివైన పని కాదు.

కొవ్వు విషయంలో సున్నా, రెండు, ఐదు శాతం అని మూడు రకాలు దొరుకుతాయి. సున్నా శాతం పెరుగు తొలిసారి తిన్నవారికి సుద్దముద్దలా నాలుకకు అంటుకుంటుంది. నా వరకు రెండు శాతమే మధ్యేమార్గం. రెండేళ్ళ లోపు పసిపిల్లలకు మాత్రం కొవ్వు తీయని పాలతో చేసినదే పెట్టాలి.

అన్నం సంగతికి వస్తాను. గ్రీకు పెరుగును నేరుగా అన్నంలో కలిపితే పెరుగన్నం కాదు, పిండిముద్ద అవుతుంది. ఒక కప్పు పెరుగుకు అరకప్పు పాలో నీళ్ళో పోసి, ముందుగా చెంచాతో బాగా గిలకొట్టి, ఆ తర్వాతే అన్నంలో కలపాలి. అప్పుడు కూడా మన పెరుగుకున్న పులుపు రాదు కాబట్టి, నిమ్మకాయ ఊరగాయ పక్కన ఉండవలసిందే. రోజూ రాత్రి పెరుగన్నం లేనిదే నిద్ర పట్టనివారు దీని మీద డబ్బు పోయడం దండగ. ఇంట్లో తోడుపెట్టుకున్న పెరుగే ఆ పనికి సరైనది. మజ్జిగ పులుసు పెట్టేవారు పెరుగులో ఒక చెంచా శనగపిండి ముందే కలిపి, సన్న సెగ మీద కలుపుతూ ఉండాలి. పిండి లేకుండా గ్రీకు పెరుగును మరిగే పులుసులో వేస్తే, పసుపు నీళ్ళలో తెల్లటి పలుకులు తేలుతాయి.

దీని అసలు స్థానం జొన్నరొట్టె పక్కన. కర్నూలు వైపు రొట్టె మీద గట్టిపెరుగు, శెనక్కాయల పొడి వేసుకుని తిన్నవారికి ఆ రుచి ఏమిటో చెప్పనక్కరలేదు. అమెరికాలో రొట్టె తట్టడం రాకపోతే చపాతీ అయినా సరే. రెండు చెంచాల గ్రీకు పెరుగు, చిటికెడు ఉప్పు, పైన శెనక్కాయల కారప్పొడి ఉంటే కూర వెదకవలసిన పని లేదు. కీరదోసకాయ తురిమి, నీళ్ళు పిండేసి, వెల్లుల్లి, పుదీనా వేసి కలిపితే గ్రీసు వాళ్ళ జజీకి అవుతుంది. అందులోనే పచ్చిమిర్చి దంచి వేసి, ఆవాల పోపు పెడితే మన పెరుగు పచ్చడి అవుతుంది. నేను రెండవదాన్నే చేస్తాను.

కొన్న డబ్బా పైన తేలే పలుచని పసుపుపచ్చటి నీళ్ళు చూసి పాడైందనుకుని పారబోయకండి, అది తేటే, కలిపేసుకోండి. చిన్న కప్పుల కన్నా 907 గ్రాముల పెద్ద డబ్బా కొంటే గిట్టుబాటవుతుంది. మూత తీసిన తర్వాత వారంలోపు తినేయాలి, ఎంగిలి చెంచా పెట్టకూడదు. అడుగున రెండు చెంచాలు మిగిల్చి, లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్ అని డబ్బా మీద ఉంటే, దాన్నే తోడుగా వాడుకోవచ్చు. లీటరు పాలు కాచి, వేలు పెడితే వెచ్చగా ఓర్చుకోగలిగేంతవరకు చల్లార్చి, తోడు వేసి, మంట వెలిగించని ఓవెన్‌లో లోపలి బల్బు మాత్రం వేసి రాత్రంతా ఉంచితే జనవరి చలిలో కూడా పెరుగు పేరుకుంటుంది. మర్నాడు ఓవెన్ వేడిచేసే ముందు గిన్నె బయటికి తీశారో లేదో చూసుకోండి.

మరొక మాట. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు పొద్దున మాత్ర మింగిన వెంటనే పెరుగు కప్పు తెరవకూడదు. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు కనుక నాలుగు గంటల ఎడం ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఇంత ప్రొటీన్ తినడానికి ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఆ తల్లికి మాటలతో నమ్మకం కుదరలేదని అనిపించి, మరుసటి రోజు చేసి చూపించాను. జూన్ ఎండకు మా ఇంట్లో పొద్దున తోడువేసిన పాలు మధ్యాహ్నానికే పేరుకున్నాయి. అమ్మ పాత నూలు చీర కొంగు చించి ఇస్తే, దాన్ని ఉడకబెట్టిన నీళ్ళలో ముంచి పిండి, చిల్లుల గిన్నెలో పరిచి, లీటరు పెరుగు పోసి, మూటగట్టి, అడుగున గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. నాలుగు గంటల తర్వాత విప్పి చూస్తే పెరుగు సగమైంది. గుడ్డ నేత పెరుగు మీద అచ్చుపడి, చెంచా గుచ్చితే నిలబడింది. ఆ అమ్మాయి వేలితో తీసి రుచి చూసి, “ఇంతేనా పెద్దమ్మా!” అంది. కింది గిన్నెలో దిగిన పసుపుపచ్చటి తేటను నేను సింకులో వంపబోతుంటే అమ్మ చేయి పట్టుకుని ఆపి, దాన్ని పొయ్యి మీద మరగనిచ్చి, జొన్నపిండిలో పోసి, రాత్రికి రొట్టెలు తట్టింది.