గుల్లల్లో కండ పలచబడితే జబ్బేనా?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర తీర గ్రామం. పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, బురదలో ఎర్రరసం ఉండే గుల్లలు ఏరి అమ్ముతాం. నెల కిందట కండ నిండుగా ఉండేది. ఇప్పుడు ఉడికిస్తే ముడుచుకుపోతోంది. కొనేవాళ్లు బరువు లేదంటున్నారు. జబ్బు సోకిందా? ఆడ, మగ తేడా ఎలా తెలుస్తుంది?
– ఒక మత్స్యకార మహిళ

జవాబు: అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి జబ్బు కన్నా గుల్లలు గుడ్లు వదిలేసి ఉండటానికే ఎక్కువ అవకాశం. మీరే చూసుకోవచ్చు. ఒకేచోట ఏరిన పది పన్నెండు పెద్ద గుల్లలు తెరిచి, ఎర్రరసం పోయేలా సముద్రపు నీటితో కడగండి. ఆ రసంలో మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే ఉంటుంది. అది కడగకపోతే అసలు రంగు తెలియదు. తర్వాత పాదం (గుల్ల బురదలోకి దిగడానికి చాచే నాలుకలాంటి కండ) పైనున్న పొట్ట భాగం చూడండి. గుడ్లకు వచ్చిన గుల్లలో అది ఉబ్బి, ఆడదైతే నారింజ ఎరుపులో, మగదైతే మీగడ తెలుపులో ఉంటుంది. గుడ్లు వదిలేశాక వడిలి, పలచబడి, లోపలి ముదురు రంగు జీర్ణగ్రంథి బయటికి కనిపిస్తుంది. అప్పుడు ఆడో మగో చెప్పడం సూక్ష్మదర్శిని లేకుండా కష్టం. చిప్ప చూసి ఎప్పుడూ చెప్పలేం.

ఇవి జతకట్టవు. ఆడవి గుడ్లను, మగవి వీర్యాన్ని నీళ్లలోకే వదులుతాయి. నీటి ఉప్పదనంలోనో వేడిలోనో మార్పు రాగానే కొన్ని మొదలుపెడతాయి, ఆ నీరు తగిలి పక్కవీ వదులుతాయి. గుల్లలు దగ్గరదగ్గరగా ఉంటేనే గుడ్డూ వీర్యమూ కలుస్తాయి. అందుకే నా గట్టి సలహా: గుల్లలు ఒత్తుగా ఉన్న చోటును మొత్తం ఊడ్చేయకండి. అక్కడక్కడా నాలుగు మిగిల్చితే చాలదు, ఒక ముక్కను ముక్కగానే వదిలేయాలి. గుడ్డు నుంచి ఒక రోజులోనే రెండు చిప్పల పిల్ల తయారై, రెండు మూడు వారాలు నీటిలో తేలి, తర్వాత బురదకు దిగుతుంది. ఈ గుల్ల సుమారు 2 సెంటీమీటర్లకే గుడ్లకు వస్తుంది. 3 సెంటీమీటర్లలోపువి తిరిగి బురదలోనే వేస్తే, కనీసం ఒకసారైనా గుడ్లు వదిలే అవకాశం వాటికి దొరుకుతుంది. కేరళలోని అష్టముడి సరస్సులో గుల్లలు గుడ్లు పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏరడం ఆపేస్తారు. వారి గుల్ల జాతి వేరు, కాబట్టి ఆ నెలలు మీకు వర్తించవు. పక్షానికోసారి పైన చెప్పినట్టు తెరిచి చూసి రాసుకుంటే మీ చోట ఏ నెలల్లో కండ నిండుతుందో తేలుతుంది. ఆ నిండుదనం మొదట్లోనే అమ్మితే బరువూ ధరా వస్తాయి.

తట్టినా మూసుకోని గుల్లలు, కుళ్లు వాసన, గుంపుగా చనిపోవడం కనిపిస్తే మాత్రం సంగతి వేరు. గోదావరి వరద నీరు ఎక్కువ రోజులు నిలిచినా ఇలా జరుగుతుంది. అవి అమ్మకండి, తినకండి, వెంటనే మత్స్యశాఖ అధికారికి చూపించండి.